పోస్టరు గీయడానికే కాదు, ప్రణాళిక రాయడానికీ పిలవండి



"పోరంబోకు" అనే మాట మనందరికీ తెలుసు. పనీపాటా లేనివాణ్ని అలా తిడతాం. కానీ రెవెన్యూ రికార్డుల్లో చెరువు పోరంబోకు, మేత పోరంబోకు అని ఉంటుంది. ఏ ఒక్కరి సొంతమూ కాకుండా ఊరందరికీ పనికొచ్చే నేల అది. తమిళంలోనూ ఆ మాట తిట్టుగా మారింది.

2017 జనవరిలో కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ ఆ మాట మీదే ఒక పాట పాడారు. కబేర్ వాసుకి దాన్ని చెన్నై వీధుల తమిళంలో రాశారు. మనవాళ్లు కుశస్థలి అని పిలిచే నది ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద పడి పాడైన ఆ చోటనే పాటను చిత్రీకరించారు. చిత్తడి నేల ఖాళీ జాగా కాదనీ, వరద నీటికి అది నిలువ చోటనీ నివేదికలు ముందే చెప్పాయి. నివేదికలు చదవనివారి దగ్గరికి ఆ సంగతిని పాట తీసుకెళ్లింది.

అయితే పాట వీధిలో ఉండిపోయింది, ప్రణాళిక ఆఫీసులో తయారైంది. చెన్నై కార్పొరేషన్ వాతావరణ ప్రణాళిక ముసాయిదా 2022లో మొదట ఇంగ్లీషులోనే వచ్చింది. జనం అడిగాకే తమిళంలో వచ్చింది. 2023లో తుది ప్రణాళిక విడుదలైంది. ఆ నగరం వీధులు ఊడ్చేవారిలో తరతరాలుగా అక్కడే ఉన్న తెలుగు దళిత కుటుంబాలు ఎన్నో. ఎండైనా వరదైనా ముందు తగిలేది వాళ్లకే. వాళ్లకు తెలిసింది ఆ కాగితాల్లోకి ఎలా చేరుతుంది?

ఇక్కడే కళాకారుల అవసరం ఉంది. సాధారణంగా వాళ్లను చివర్లో పిలుస్తారు. అంతా నిర్ణయమయ్యాక పోస్టరు గీయమంటారు, వీధి నాటకం వేయమంటారు. ప్రత్యక్షపు గుడారం పని మొదలుకాకముందే బెసలేలును పేరుపెట్టి పిలిచారని సండే స్కూల్లోనే నేర్చుకున్నాం కదా! కట్టడం పూర్తయ్యాక రంగు వేయడానికి పిలవలేదు.

అహ్మదాబాద్‌ను చూడండి. 2010 వేసవిలో వడగాడ్పులకు వందల మంది చనిపోయారు. 2013లో ఆ నగరం వేడిమి కార్యాచరణ ప్రణాళిక తెచ్చి, హెచ్చరికలకు పసుపు, నారింజ, ఎరుపు రంగులు పెట్టింది. ఇన్ని డిగ్రీలంటే ఏం చేయాలో చాలామందికి తోచదు. ఎరుపంటే ప్రమాదమని అక్షరం రానివారికీ తెలుస్తుంది. అక్కడ రంగు అలంకారం కాదు, ప్రణాళికలో భాగం.

మరి మనమేం చేయగలం? తమిళనాడు నగరాల్లో 2022 నుంచి ఏరియా సభలున్నాయి. ఇతర రాష్ట్రాల్లోని మనవాళ్లు తమ వార్డు సమావేశాలకు వెళ్లవచ్చు. మన సంఘాల్లో బోర్డులు రాసేవారున్నారు, పాటలు కట్టేవారున్నారు, కంప్యూటరు మీద డిజైన్ చేసే పిల్లలున్నారు. వాళ్లు పారిశుద్ధ్య కార్మికుల పక్కన కూర్చోవాలి. వరద నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయి, ఏ వీధిలో నీడ లేదు, మధ్యాహ్నం మంచినీళ్లు ఎక్కడ దొరకవు అని అడిగి, వాళ్లు చెప్తుంటే పెద్ద కాగితం మీద పటం గీయాలి. సభకు దాన్ని కార్మికులే తీసుకెళ్లి కౌన్సిలర్ ముందు పరచాలి. మాట్లాడేది వాళ్లే, గీసినవారు పక్కన నిలబడితే చాలు.

కార్పొరేషన్లను మనం మూడు అడుగుదాం. ముసాయిదా దశలోనే కళాకారులకు చోటివ్వాలి. వాళ్ల పనికి కూలి ఇవ్వాలి. ఆ వీధిలో మాట్లాడే భాషలో, తెలుగైతే తెలుగులో, ముసాయిదాను బొమ్మలతో వివరించాలి.

ఒక హెచ్చరిక కూడా. ముందు గోడ మీద చెట్టు బొమ్మ వేయించి, వెనక చెరువు పూడ్చేవాళ్లుంటారు. అలాంటి గోడకు మన కుంచె ఇవ్వకూడదు. బొమ్మ ఎంత బాగుందని కాదు, దాన్ని చూసి ప్రణాళికలో ఏ వాక్యం మారిందని అడగాలి. ఊడ్చేవారికి ఎండవేళ పని మానే హక్కు, కూర్చోవడానికి నీడ, తాగడానికి నీళ్లు అందులోకి వచ్చినప్పుడే మన గీత ఫలించినట్టు.

వచ్చే సభ తేదీ కనుక్కుందాం. కాగితం, రంగులు మనమే తీసుకెళ్దాం.