బుల్లెట్టు గొప్పదా, జావా గొప్పదా?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఈ వేదిక మీద చదువు గురించో, ఆరోగ్యం గురించో మాట్లాడటం ఆనవాయితీ. మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. మమ్మల్నీ చదువు మీదే మాట్లాడమంటారనుకున్నాం. కాని కార్యదర్శిగారు, "మాస్టారూ, మీరూ మీ దోస్తులూ పాత మోటారు సైకిళ్ళ మీద అరకు కొండలు ఎక్కుతుంటారు గదా, ఆ సంగతి చెప్పండి, కుర్రాళ్ళు కదలకుండా కూర్చుంటారు" అన్నారు. సరేనన్నాం. అయితే చివరికి ఇది కూడా చదువు సంగతే అవుతుందని ముందే మనవి చేసుకుంటున్నాం.

మా జట్టులో రెండు బుల్లెట్లు, ఒక జావా, ఒక యెజ్డీ, ఒక రాజ్‌దూత్ ఉన్నాయి. షోకు కోసం కొన్నవి కావు. కొన్ని తండ్రుల దగ్గరనుంచి వచ్చాయి, కొన్ని షెడ్లలో తుప్పుపట్టి పడుంటే తెచ్చుకున్నవి. మేం ఎక్కడ టీకి ఆగినా నలుగురు మూగి అడిగే ప్రశ్న ఒక్కటే: "బుల్లెట్టు గొప్పదా, జావా గొప్పదా?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ముందు ఈ బళ్ళ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలియాలి.

ఇవన్నీ యూరప్ బిడ్డలే. మన దేశంలో పెరిగాయి. బుల్లెట్టు ఇంగ్లండులోని రెడ్డిచ్ పట్టణపు బండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. 1970 నాటికి ఇంగ్లండులో ఆ కంపెనీయే మూతపడింది గాని మద్రాసు ఫ్యాక్టరీ ఆగలేదు. తల్లి పోయినా బిడ్డ బతికిందన్నమాట. జావాది చెక్ దేశం. జానెచెక్ అనే ఆయన వాండరర్ అనే జర్మన్ కంపెనీ డిజైను తీసుకుని 1929లో మొదలుపెట్టాడు. రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపితే జావా అయింది. మన దేశంలో రుస్తుం ఇరానీ, ఫరూఖ్ ఇరానీ గార్లు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ పెట్టి 1961 నుంచి తయారుచేశారు. తర్వాత 1970లలో పేరు యెజ్డీగా మారింది. యజ్ద్ అనేది ఇరాన్‌లో ఒక ఊరు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఈమధ్య 2018లో జావా పేరుతోను, 2022లో యెజ్డీ పేరుతోను మళ్ళీ కొత్త బళ్ళు వచ్చాయి గాని అవి వేరు, ఇవి వేరు. ఇక రాజ్‌దూత్ పోలండు డిజైను. ఎస్కార్ట్స్ వాళ్ళు ఫరీదాబాదులో చేశారు. 1973లో "బాబీ" సినిమాలో కనిపించిన చిన్న బండి కూడా ఈ ఇంటిదే.

ఇప్పుడు అసలు పరీక్షకు వద్దాం. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటి బొడ్డవర దాకా ఏ బండికైనా రోడ్డు మామూలే. అక్కడినుంచి ఘాట్ మొదలు. టైడా, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట కాఫీ తోటలు దాటి అరకు చేరాలి. సముద్రం పక్కనుంచి బయల్దేరినవాళ్ళం సుమారు 900 మీటర్లు పైకెక్కుతాం. అంత ఎత్తున గాలి దాదాపు పదోవంతు పలచబడుతుంది. ఇంజనుకు గాలి తగ్గితే పెట్రోలు పాలు ఎక్కువైనట్టే. అందుకనే కింద బాగా నడిచిన బండి పైన కొంచెం బద్ధకంగా ఉంటుంది, ప్లగ్గుకు మసి పడుతుంది. బండి చెడిపోయిందని కంగారుపడి స్క్రూలు తిప్పేస్తుంటారు కొందరు. ప్లగ్గు విప్పి తుడిచి బిగిస్తే చాలు.

ఎక్కుడులో బుల్లెట్టుది ఏనుగు నడక. 346 సిసి ఇంజను, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు. బోరుకన్న స్ట్రోకు పొడుగు కాబట్టి తక్కువ తిరుగుళ్ళలోనే లాగుతుంది. వెనక మనిషి, సామాను ఉన్నా ధక్ ధక్ మంటూ మలుపు ఎక్కేస్తుంది. జావాది గుర్రం జాతి. 250 సిసి టూ-స్ట్రోక్ ఇంజను, ఉరకలు వేస్తుంది గాని ఉరకనివ్వాలి. తిరుగుళ్ళు పడిపోతే గేరు తగ్గించక తప్పదు. రాజ్‌దూత్ 175ది గాడిద ఓర్పు. మూడే గేర్లు, తొందర లేదు, మెల్లగా అయినా చేరుస్తుంది. గాడిద అన్నామని రాజ్‌దూత్ భాయ్ మాతో రెండు రోజులు మాట్లాడలేదు. మేం పొగిడామనే ఇప్పటికీ మా వాదన!

దిగుడులో మాత్రం లెక్క తారుమారవుతుంది. తల్లులూ, తండ్రులూ, ఈ మాట దయచేసి శ్రద్ధగా వినండి. బుల్లెట్టు ఫోర్-స్ట్రోక్. దాని ఆయిలు దాని కడుపులో వేరేగా ఉంటుంది. ఏక్సిలేటరు మూసినా పంపు ఆయిలు పంపిస్తూనే ఉంటుంది. గేరులో ఉంచి దిగితే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది. పాత టూ-స్ట్రోక్ బండి అలా కాదు. దానికి ఆయిలు పెట్రోలుతో కలిపి పోస్తాం. లీటరుకు సుమారు 40 మిల్లీలీటర్లు మా వాడుక. అంటే పెట్రోలు వెళ్తేనే ఆయిలు వెళ్తుంది. దిగుడులో ఏక్సిలేటరు పూర్తిగా మూసి, గేరులో వదిలేశామనుకోండి, చక్రం ఇంజనును గిరగిరా తిప్పుతూనే ఉంటుంది, లోపలికి పెట్రోలు రాదు, దానితోపాటు ఆయిలూ రాదు. ఎండిపోయిన పిస్టన్ బోరుకు పట్టేస్తుంది. దీన్నే ఇంజను సీజ్ అయ్యిందంటారు. వెనక చక్రం టక్కున బిగుసుకుంటుంది.

మా జట్టులో ఒకాయనకు ఇదే జరిగింది. అనంతగిరి నుంచి దిగుతున్నాం. ఆయన వెనక భార్య, ఒళ్ళో పసివాడు. మలుపుకు ముందు బండి కీచుమని జారింది. ఆయన క్లచ్ మీద వేళ్ళు తీయకుండా నడిపేవాడు కాబట్టి వెంటనే క్లచ్ నొక్కాడు. చక్రం విడిపోయింది, బండి రోడ్డు పక్కన ఆగింది. వెనకవచ్చే మాకు గుండె ఆగినంత పనయ్యింది. ఆ వేళ్ళు ఆ చోట ఉండటం ఆయనకు ఎవరు నేర్పారు? కుర్రతనంలో పనిచేసిన షెడ్డులో ఉస్తాద్ నేర్పారు. పుస్తకంలో చదివింది కాదు.

కాబట్టి టూ-స్ట్రోక్ మీద దిగేవాళ్ళు మధ్యమధ్య ఏక్సిలేటరు ఒక్క క్షణం తెరిచి మూయాలి. ఇంజను దాహం తీర్చాలన్నమాట. పోనీ అని ఆయిలు మరీ ఎక్కువ కలిపితే ప్లగ్గు చెడుతుంది, సైలెన్సర్ మసితో పూడుకుపోతుంది. కొందరు పెట్రోలు మిగులుతుందని తాళం తీసేసి న్యూట్రల్‌లో జారవిడుస్తారు. అది ఇంకా ప్రమాదం. బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. ఇవన్నీ డ్రమ్ము బ్రేకులు. పట్టిందే పట్టుకుని కూర్చుంటే షూలు వేడెక్కి, లివరు ఎంత లాగినా పట్టు ఉండదు. ఎక్కేటప్పుడు ఏ గేరో దిగేటప్పుడు ఆ గేరు అన్నది పాత సూత్రం. బ్రేకు పట్టి, వదిలి, మళ్ళీ పట్టాలి. రెండు బ్రేకులూ వాడాలి.

ఇంకొక జాగ్రత్త. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావాకు సరిగ్గా తిరుగుడు. పైగా జావాకు కిక్కు రాడ్డే గేరు రాడ్డు. స్టార్టు చేసి ముందుకు మడిస్తే గేరవుతుంది. జావా అలవాటున్న మనిషి బుల్లెట్టెక్కి భయంలో కుడికాలు నొక్కితే బ్రేకు పడదు, గేరు మారుతుంది. అందుకే ఘాట్ మీద బళ్ళు మార్చుకోరాదని మా జట్టులో కట్టుబాటు. ఎంత దోస్తీ ఉన్నా సరే.

చలికాలం పొద్దున అరకులో ఇంకో నాటకం. జావా వాళ్ళు కార్బొరేటరు మీది టిక్లర్ బొత్తాం నొక్కి, పెట్రోలు చెమర్చాక రెండు కిక్కులు కొడితే లేస్తుంది. బుల్లెట్టుకు సబర్ కావాలి. డీకంప్రెషన్ లివరు పట్టి, ఆంపియర్ మీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా పిస్టన్ మెల్లగా తిప్పి, అప్పుడు ఒకే కిక్కు. తొందరపడితే కిక్కు ఎదురుతన్ని చీలమండ పట్టేస్తుంది. వానాకాలంలో పాయింట్లలో తడి చేరుతుంది. పొడిబట్టతో తుడిచి, సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉందో లేదో గేజీతో చూసుకోవాలి. కాగిన ఇంజను మీద చల్లనీళ్ళు మాత్రం ఎప్పుడూ పొయ్యకండి, పగుళ్ళిస్తుంది. నీడలో ఆపి, ఒక టీ తాగండి. ఇంజనుకూ మంచిది, మనకూ మంచిది.

ఇక జవాబు. బుల్లెట్టు గొప్పదా, జావా గొప్పదా? దేని క్రమశిక్షణ దానిది. మన చేతిలో ఉన్న బండి మననుంచి ఏమి కోరుతుందో తెలిసినవాడే క్షేమంగా ఇల్లు చేరతాడు. ఆ తెలివి ఎక్కడుందన్నదే మేము చెప్పదలుచుకున్న అసలు విషయం.

అది మన మొహల్లాల షెడ్లలో ఉంది. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, "బేటా, బేరింగు మాట్లాడుతోంది" అనే ఉస్తాదుల దగ్గర ఉంది. వాళ్ళలో చాలామందికి వయసు మీదపడింది. షాగిర్దులు తగ్గిపోయారు. కొత్త బళ్ళకు కంప్యూటరు పెట్టి చూస్తున్నారు, రేపు కరెంటు బళ్ళే ఎక్కువవుతాయి. మా పిల్లలు గ్రీజు చేతులతో ఉండకూడదని తల్లిదండ్రులు అనుకోవడంలో తప్పులేదు. కాని నలభై ఏళ్ళ తజ్రుబా ఒక్క కాగితం మీదకూడా ఎక్కకుండా మట్టిలో కలిసిపోతే ఆ నష్టం ఎవరిది?

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు. తర్వాత తనిఖీ చేయించి అయిదేసి ఏళ్ళకు పొడిగించుకోవాలి. 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపం చెడని బండిని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, పొడిగింపుకు 5,000. అయితే ఆ బండిమీద రోజూ బడికో బజారుకో వెళ్ళడానికి లేదు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు లాంటి పనులకే. కాబట్టి రోజువారీ వాడుకునేవారు మామూలు పొడిగింపే చూసుకోవాలి. తాతలనాటి బండి కాగితాలు చెల్లలేదని తుక్కుకు అమ్మేముందు ఒక్కసారి ఆలోచించండి.

చివరిగా సంఘం పెద్దలకు మా విన్నపాలు రెండు. ఒకటి, తొమ్మిది, పది తరగతుల పిల్లలు సెలవుల్లో ఒక్కో ఉస్తాద్ దగ్గర కూర్చుని, ఆయన చెప్పినది చెప్పినట్టు ఉర్దూలోగాని తెలుగులోగాని రాసుకురావాలి. పుర్జా పేరు, దాని పని, అది చెడితే వచ్చే చప్పుడు. దిద్దిపెట్టే బాధ్యత మాది. రెండు, షెడ్డులో పనిచేసే కుర్రాళ్ళు పదో తరగతి గట్టెక్కేలా చూడాలి. పది పాసైతే ఐటిఐలో రెండేళ్ళ మోటారు మెకానిక్ కోర్సులో చేరవచ్చు. చేతిలో ఉస్తాద్ ఇచ్చిన పనితనం, జేబులో సర్టిఫికెట్టు రెండూ ఉన్న కుర్రవాడికి పెట్రోలు బండైనా కరెంటు బండైనా భయంలేదు.

 అరకు వెళ్ళేవాళ్ళు నిదానంగా వెళ్ళండి, దిగేటప్పుడు ఇంకా నిదానంగా రండి.