నవ్వించు వాయువు, నిప్పంటించు పందెము

పన్ను తీయించుకొన్నవారిలోను, శస్త్రచికిత్స చేయించుకొన్నవారిలోను కొందరు ఈ వాయువును ఎరిగియే యుందురు. మన ఆసుపత్రులలో నీలిరంగు పూసిన ఉక్కు సిలిండరులలో దీనిని భద్రపరతురు. రంగు లేనిది, కొంచెము తీయని వాసన కలది. పీల్చినచో నొప్పి మందగించును, మనస్సు తేలిపోవును, కొందరికి కారణము లేకయే నవ్వు వచ్చును. అందుచేత దీనికి నవ్వించు వాయువని లోకములో పేరు. రసాయన శాస్త్రజ్ఞులు నైట్రస్ ఆక్సైడు అందురు. దీని అణువులో రెండు నత్రజని పరమాణువులు, ఒక ఆమ్లజని పరమాణువు కలవు. ఇంత సాధువైన వస్తువునకును, అమెరికాలో పందెపు దారిమీద మోటారు కారులు భగ్గున మండిపోవుటకును సంబంధమేమి యనునది ఈ ప్రసంగములో విచారింపదలచిన విషయము.

సంబంధము పాతదే. 1772లో ఇంగ్లండు దేశమున జోసెఫ్ ప్రీస్ట్లీ ఈ వాయువును కనుగొనెను. దీనిలో వెలుగుచున్న క్రొవ్వొత్తి నుంచగా మంట ఆరిపోలేదు సరికదా, మరింత పెద్దదయ్యెను. తరువాత 1799లో బ్రిస్టల్ పట్టణమున హంఫ్రీ డేవీ అను యువకుడు దీనిని తాను పీల్చి, మిత్రులచేత పీల్పించి, 1800లో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండుటకు ఇది పనికిరావచ్చునని అందులోనే సూచించెను. ఆ సూచనను నలుబది యేండ్లకు పైగా ఎవరును పట్టించుకొనలేదు. 1844లో అమెరికాలోని హార్ట్‌ఫర్డు పట్టణపు దంతవైద్యుడు హొరేస్ వెల్స్ ఈ వాయువును పీల్చి, తన పన్నునే తీయించుకొని చూపెను. డేవీ మాటను వైద్యులు ఆ విధముగా అందిపుచ్చుకొనిరి. ప్రీస్ట్లీ చూచిన క్రొవ్వొత్తి సంగతి మాత్రము వైద్యులకు అక్కరకు రాలేదు. ఇంజనీర్లకు అక్కరకు వచ్చెను.

ఇచట ఒక సంగతి స్పష్టము చేయవలెను. నైట్రస్ ఆక్సైడు తాను మండదు. పెట్రోలు మండును, నూనె మండును, రబ్బరు మండును. ఈ వాయువు వానికి ఆమ్లజని నందించును. దీపావళినాటి చిచ్చుబుడ్డిని తలచుకొనుడు. మట్టిబుడ్డిలో మందును గట్టిగా కూరుదురు. లోపలికి గాలి చొరదు. అయినను వెలిగించిన క్షణముననే అది నిలువెత్తున ఎగసిపడును. కారణము మందులో కలిసిన సురేకారము. మండుటకు కావలసిన ఆమ్లజనిని అది తనలోనే దాచుకొనియున్నది. నైట్రస్ ఆక్సైడు కూడ అట్టిదే. చల్లగా ఉన్నంతసేపు తన ఆమ్లజనిని విడువదు. వందల డిగ్రీల వేడి తగిలినచో విడిపోయి, ఆమ్లజనిని అప్పగించును. విడిపోవునప్పుడు తానును కొంత వేడిని పుట్టించును. ఈ చివరి గుణమును మరువరాదు.

మోటారు ఇంజనులోనికి పెట్రోలు ఎక్కువగా పోయుట కష్టము కాదు. ఆ పెట్రోలును కాల్చుటకు వలసిన గాలిని లోనికి తెచ్చుటయే కష్టము. ఒక పాలు పెట్రోలునకు తూకమున ఇంచుమించు 14.7 పాళ్ల గాలి కావలెను. నైట్రస్ ఆక్సైడు అయినచో తొమ్మిదిన్నర పాళ్లకు కొంచెము పైన చాలును. ఏలన గాలిలో ఆమ్లజని తూకముచేత నూటికి 23 పాళ్లే. ఈ వాయువులో 36 పాళ్లు. పైగా దీనిని ఒత్తిడిచేత ద్రవముగా మార్చి చిన్న సీసాలో ఇముడ్చవచ్చును. దాని మరుగు స్థానము సున్నకు 88 డిగ్రీలు దిగువ. కావున ద్రవము ఇంజను గొట్టములోనికి చిమ్మబడగానే ఆవిరియై, చుట్టునున్న గాలిని చల్లబరచును. చల్లని గాలి చిక్కనైనది, అదియు లాభమే.

రెండవ ప్రపంచ యుద్ధములో జర్మను వైమానికులు దీనిని విమానములలో వాడిరి. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనై ఇంజను నీరసించును గదా! అచట ఈ వాయువును చిమ్మి బలము తెచ్చుకొనిరి. బ్రిటిషువారును కొన్ని మస్కీటో విమానములలో ఇదే పని చేసిరి. యుద్ధము ముగిసిన తరువాత దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత కారులకు కొత్త బలము పోసి, వాడుక తప్పిన విమానపు దారులమీద పరుగులు తీయించుట మొదలుపెట్టిరి. 1950లో శాంటా ఆనా విమానాశ్రయమున ఇట్టి పందెములు క్రమముగా ఆరంభమయ్యెను. 1951లో వాలీ పార్క్స్ అను నతడు జాతీయ హాట్‌రాడ్ సంఘమును స్థాపించి, వీథులలో పందెము లాడువారిని ఒక నియమములోనికి తెచ్చెను. (మద్రాసు దాపున షోలవరములో గూడ యుద్ధకాలపు విమానపు దారిమీదనే ఏండ్ల తరబడి మోటారు పందెములు జరిగిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును, అయితే అవి చుట్టు తిరుగు పందెములు.)

డ్రాగ్ పందెములో చుట్టు తిరుగుట లేదు, మలుపు లేదు. ప్రక్కప్రక్కన రెండు కారులు. ఎదుట తిన్నని దారి, పావుమైలు, అనగా 1,320 అడుగులు. దీపముల స్తంభము పచ్చగా వెలుగును, రెండును దూకును. వేగవంతమైన కారులకు ఈ దూరము ఆరేడు సెకనులలో ముగిసిపోవును. ఇంత స్వల్పకాలమునకు గావున ఇంజనును దాని శక్తికి మించి హింసించుటకు వెనుదీయరు. 1970 దశకము నుండి ఈ పందెములలో నైట్రస్ ఆక్సైడు సీసా విరివిగా కనబడజొచ్చెను. మీట నొక్కగానే నూరు, రెండు నూర్లు, అంతకు మించిన గుర్రముల బలము అదనముగా వచ్చును. సినిమాలలో చూపునట్లు నీలిమంటలు చిమ్ముకొనుచు కారు ఎగిరిపోదు. సరిగా పనిచేసినప్పుడు చూచువారికి కనబడునది ఏమియు లేదు. కనబడునదంతయు సరిగా పనిచేయనప్పుడే.

అది ఎట్లు జరుగునో కొంత వివరముగా చెప్పవలెను. ఇంజనులోనికి గాలి పోవు గొట్టముల కూడలి యొకటి కలదు. పెట్రోలు మంచువలె సన్నని తుంపరయై గాలితో కలిసి దీనిగుండ సిలిండరులోనికి పోవలెను. ఇంజను వడిగా తిరుగుచున్నప్పుడు గాలి ఉరవడికి తుంపర నిలువక కొట్టుకొనిపోవును. మెల్లగా తిరుగునప్పుడు గాలికి వడి చాలదు. తుంపర బిందువులై గొట్టపు వంపులలో నిలిచిపోవును. అట్టి సమయమున తొందరపడి వాయువును వదలినచో, గొట్టములో పెట్రోలును, దానిని కాల్చునదియు ఒక్కచోట చేరి కూర్చుండును. సిలిండరులోని మంట మూయబడని కవాటముగుండ ఒక్కసారి వెనుకకు తొంగిచూచిన చాలును. గొట్టపు కూడలి ఫిరంగి యగును. పైనున్న కార్బ్యురేటరులు, వానిపై రేకుమూత గాలిలోనికి లేచిపోవును. పేలుడు ఒక్క క్షణమే; కాని ఆ పేలుడులో పెట్రోలు గొట్టము తెగినచో కాగియున్న ఇంజనుమీద పెట్రోలు చిమ్ముచునే యుండును. అసలు అగ్నిప్రమాదము అప్పుడు ఆరంభమగును. అందుచేతనే ఆక్సిలరేటరు పూర్తిగా నొక్కి, ఇంజను తగినంత వడి నందుకొన్న తరువాతనే వాయువు వదలబడునట్లు విద్యుత్ మీటలు అమర్తురు. గొట్టపు కూడలికి ఒక బలహీనమైన పలకను బుద్ధిపూర్వకముగా బిగించుట గూడ కలదు. ఒత్తిడి మితిమీరినచో మొదట అదియే పగిలి తక్కినదానిని కాపాడును.

మరియొక దారి ఇంతకంటె దొంగతనముగా వచ్చును. వాయువును ఆపవలసిన విద్యుత్ కవాటములో ఒక నలుసు చిక్కుకొనును. కవాటము పూర్తిగా మూసికొనదు. ఇంజను ఆగియున్నది, సీసా తెరచియున్నది. వాయువు చప్పుడు లేకుండ గొట్టములోనికి, సిలిండరులలోనికి దిగుచుండును. గాలికంటె బరువైనది గావున తేలి పోదు. తరువాత తాళము త్రిప్పి ఇంజనును కదలించినవాని కండ్లయెదుటనే అది పేలును. ఇది పందెపు దారిమీదనే జరుగవలెనని లేదు. ఇంటి షెడ్డులోనైనను జరుగును.

ఇక పెట్రోలు చాలకపోవుట. వాయువు వచ్చినది, దానికి తోడుగా రావలసిన అదనపు పెట్రోలు రాలేదు. మంట వేడి హద్దు మీరును. అల్యూమినియము పిస్టను నెత్తి కరగి బెజ్జము పడును. కడ్డీలు విరిగి ఇంజను గోడను పొడుచుకొని వెలికి వచ్చును. కాగిన నూనె ఎర్రగా కాలిన పొగగొట్టములమీద పడి అంటుకొనును. కారు అప్పటికి గంటకు ఇన్నూరు మైళ్ల వేగములో నుండవచ్చును. దిగి పరుగెత్తుటకు వీలులేదు. డ్రైవరు కాలు పైకెత్తగానే విద్యుత్ కవాటములు మూసికొనవలెను. తీగలు కాలిపోయియో, కవాటము ఇరుక్కొనియో మూసికొననిచో, సీసాలోని వాయువు మంటలోనికి వచ్చుచునే యుండును. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్లే. బయటి గాలిని ఆపి మంటను చంపు ఉపాయములు అప్పుడు సరిగా సాగవు. మంట బయటి గాలిమీద ఆధారపడి లేదు గదా!

సీసా సంగతి వేరుగా చెప్పవలెను. లోపలి ఒత్తిడి చదరపు అంగుళమునకు తొమ్మిది వందల నుండి వేయి పౌనుల వరకు ఉండవలెనని పందెగాండ్రు కోరుదురు. చలిదినమున అంత ఒత్తిడి యుండదు. ఒత్తిడి తగ్గినచో వాయువు తక్కువగా వచ్చి కొలత తప్పును. అందుచేత సీసాను వెచ్చచేయుదురు. బహిరంగ జ్వాలతో వెచ్చచేయుట జాతీయ సంఘపు నియమావళి నిషేధించినది. వేడిని తానే అదుపుచేసికొను విద్యుత్ దుప్పటిని మాత్రమే అనుమతించినది. సీసా ఒత్తిడి తాళలేక విడిచిన వాయువు డ్రైవరు కూర్చుండు చోటికి రాక బయటికి పోవునట్లు గొట్టము అమర్పవలెనని గూడ అందులో కలదు. మన బెజవాడ వేసవిలో దుప్పటి అక్కర యుండదు: 36 డిగ్రీలు దాటిన తరువాత ఈ పదార్థమునకు ద్రవమని, ఆవిరియని భేదమే యుండదు, ఒత్తిడి వేయి పౌనులను దాటిపోవును.

వేడి తగిలినచో తనంత తానే విడిపోవు గుణము దీనికి కలదని ముందే చెప్పితిని. 2007 జూలై 26న కాలిఫోర్నియాలోని మొహావీలో స్కేల్డ్ కాంపొజిట్స్ అను విమాన నిర్మాణ సంస్థవారు రాకెట్టు కొరకు ఈ వాయువును గొట్టముగుండ పారించి చూచుచుండిరి. రాకెట్టును వెలిగింపలేదు. అయినను పేలుడు జరిగి ముగ్గురు మరణించిరి. గొట్టపు కీళ్లకు నూనె, జిడ్డు తగులనీయరాదని పందెపు కారుల మెకానిక్కులకు పదే పదే చెప్పుట ఛాదస్తము కాదు.

కారు నంటుకొన్న మంట వెలుపలివారికి తెలిసి, వారు చేరుకొనులోపల డ్రైవరునకు మిగులునవి కొన్ని సెకనులే. అతడు తొడుగు అగ్నినిరోధక వస్త్రములను ఆ సెకనులచేతనే కొలుతురు. ఒకే పొర గల తక్కువ తరగతి వస్త్రము చర్మమునకు రెండవ దశ కాలుడు రాకుండ సుమారు 3 సెకనులు కాపాడును. మధ్యరకము 10 సెకనులు. పలు పొరల ఉన్నత తరగతి వస్త్రము 40 సెకనులు. ధర చూచి మొదటిదానితో తృప్తిపడువారు ఈ అంకెలను ఒకసారి నోటితో లెక్కించి చూచుకొనుట మంచిది. ఒకటి, రెండు, మూడు అనులోపల సీటు పట్టీలు విప్పుకొనుటయే కష్టము.

అన్ని మంటలకు నైట్రస్ ఆక్సైడునే నిందించుట న్యాయము కాదు. అన్నిటికంటె వేగమైన తరగతులలో వాడునది నైట్రోమీథేను అను ద్రవ ఇంధనము. అదియు తన ఆమ్లజనిని తనలోనే మోయును. 1970 మార్చి 8న లాస్ ఏంజిలెస్ దాపున లయన్స్ దారిమీద డాన్ గార్లిట్స్ కారులో గేరుపెట్టె పేలి, అతని కుడిపాదములో కొంత భాగము తెగిపోయెను. ఆసుపత్రి మంచముమీద నుండియే అతడు ఇంజనును తన వెనుకకు మార్చు ఆలోచన చేసి, 1971లో అట్టి కారుతో పొమోనాలో గెలిచెను. మండు నూనె డ్రైవరు ముఖమునకు కొట్టు పాత పద్ధతి ఆ తరగతిలో దానితో అంతరించినది. 2008 జూన్‌లో న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో స్కాట్ కలిట్టా ఇంజను పేలి మంటలెగసి, కారు ఆగక దారి చివర దాటిపోగా అతడు మరణించెను. కొద్ది దినములలోనే ఆ తరగతుల పందెమును 1,000 అడుగులకు తగ్గించిరి. మూడువందల ఇరువది అడుగులు, పందెమునకు కాక, ఆగుటకు మిగిలినవి.

పందెము మొదలగుటకు ముందు కొన్ని కారుల ముందుభాగము నుండి తెల్లని పొగవంటిది బుస్సున లేచును. ప్రేక్షకులు కేకలు వేయుదురు. అది ప్రదర్శన కొరకు కాదు. గొట్టములో చేరిన ఆవిరిని బయటికి వదలి, స్వచ్ఛమైన ద్రవమును కవాటము దాక తెచ్చుకొనుట. కారులకు అమ్ము వాయువులో కొద్దిగా గంధకపు ఆక్సైడు కలుపుట వాడుక. నవ్వు కొరకు పీల్చువారికి గొంతు మండి బుద్ధివచ్చుటకు అది కలుపుదురు. ఆసుపత్రి వాయువులో ఇది యుండదు. పరుగు ముగిసి కారు తిరిగి వచ్చినప్పుడు, ఇంజను ఎంత దెబ్బతిన్నదో చూడకముందే, తెలిసిన మెకానిక్కు వెనుకకు పోయి సీసా తలను చేతితో మూయును. గొట్టములో మిగిలినదానిని ఆరుబయట వదలును. ఆ తరువాతనే ఇంజనుమీది మూత ఎత్తును.