సర్కారు సహాయమును మన పత్రములును
(పొందూరు వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ప్రభుత్వమువారు బీదసాదలకిచ్చు సహాయములను గూర్చియు, అవి మనవారికందు మార్గములను గూర్చియు ప్రసంగింపుమని కార్యదర్శులవారు మమ్ము కోరిరి. సంస్కృతము చదువుకొని, ముప్పదియెనిమిది సంవత్సరములు బడిపిల్లలచే శబ్దములు వల్లె వేయించినవారమగు మాకీ విషయమేల యని మొదట సంకోచించితిమి. కాని యీ విషయమున మేము చేసిన తప్పొకటి కలదు. దానిని పదుగురిలో చెప్పుకొనుటకు ఇంతకంటె తగిన తావు దొరకదని యొప్పుకొంటిమి.

మన పెద్దలకొక యభిమానము కలదు. చేతిలో రాట్నమో మగ్గమో యున్నంతకాలము పరుల యెదుట చేయి చాపరాదని. ఆ యభిమానము ఊరక పుట్టినది కాదు. వాలుగచేప దవడతో కొండపత్తిని దువ్వి, ఏకులు చేసి, నూరవ నంబరు నూలు వడకిన చేతులవి. గాంధీమహాత్ముడు తన యంగ్ ఇండియా పత్రికలో పొందూరు ఖద్దరును ప్రశంసించెను. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము ఇచ్చట నెలకొనెను. ఇట్టి యూరివారు "దానము పట్టము" అనుట సహజమే. మేమును కొంతకాలము ఆ మాటనే పలికితిమి. పైగా ప్రతిగ్రహదోషమును గూర్చి రెండు శ్లోకములు చదివి, అరుగుమీద కూర్చున్న వృద్ధులను మరింత జంకునట్లు చేసితిమి.

అటు పలుకుచునే ప్రతి నెలయు మా పింఛను మేము పుచ్చుకొనుచుంటిమి! ఒకనాడు మా యింటి ఎదుటి వృద్ధురాలు, ఏబది యేండ్లు నూలు వడకిన యామె, "బాబూ, తమరిదీ సర్కారు డబ్బే కదా" యని యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇంటికి వచ్చి కౌటిల్యుని యర్థశాస్త్రమును తీసితిమి. అందు సూత్రాధ్యక్షుడను నధికారి కలడు. విధవలకును, అంగవైకల్యము గలవారికిని, ఇల్లు వెడలని స్త్రీలకును నూలు వడకు పని కల్పించుట వాని విధి. వేకువనే నూలు తెచ్చిన స్త్రీ ముఖమును తేరిచూచినను, పనికి చెందని మాటలాడినను అధికారికి దండనము కలదు. కూలి యిచ్చుటలో జాగుచేసినచో అంతకంటె పెద్ద దండనము! ముఖము చూచుట కంటె కూలి యాపుట పెద్ద నేరమని యా శాస్త్రకారుడు తలచెను. బాలురను, వృద్ధులను, అనాథలను రాజే పోషింపవలెననియు అతడే వ్రాసెను. కావున ఇది ప్రతిగ్రహము కాదు, భృతి. మేము చదివిన రెండు శ్లోకములను ఈ సభలో వెనుకకు తీసికొనుచున్నాము.

ఇక లెక్కలు. ఈ రాష్ట్రమున వృద్ధుల పింఛను 2006లో నెలకు 200 రూపాయలు. 2014లో వేయి, 2019 ఆరంభమున రెండువేలు, 2024 జనవరిలో మూడువేలు, ఆ జూలైలో నాలుగువేలు అయినది. వృద్ధులకు అరువది యేండ్లు నిండవలెను. చేనేతవారికి ఏబది చాలును. నేతవాని కన్ను, నడుము పదియేండ్లు ముందుగా వంగునని ప్రభుత్వమొప్పుకొన్నదన్నమాట. 2019 డిసెంబరు మొదలు 2023 వరకు ఐదు విడతలు స్వంత మగ్గము గల కుటుంబమునకు ఏడాదికి 24,000 రూపాయల చొప్పున వచ్చెను. ఇందు మాకొక యసంతృప్తి కలదు. మగ్గము లెక్కకు వచ్చెను, రాట్నము రాలేదు. కదురు తిరుగనిదే మగ్గమేమి నేయును? ఖాదీ కమీషనువారు మాత్రము వడకు కూలిని చిలపకు ఏడున్నర రూపాయల నుండి 2023లో పదికిని, 2024లో పండ్రెండున్నరకును, 2025లో పదునైదుకును పెంచిరి. పెంపుదల మంచిదే. దినమునకెన్ని చిలపలు పడునో ఇచ్చట కూర్చున్న యమ్మలనడిగిన తెలియును.

వైద్యమునకు ఆరోగ్యశ్రీ యను పేర 2007 ఏప్రిల్ 1న మొదలైన పథకము తొలుత మూడు జిల్లాలలోనే నడచెను. అందు మన శ్రీకాకుళమొకటి. డెబ్బదియేండ్లు నిండినవారికి, కలిమిలేముల విచారణ లేకయే, 2024 అక్టోబరు నుండి కేంద్రప్రభుత్వపు ఐదులక్షల వైద్య సహాయము కలదు. మన సభలో ఆ వయస్సువారు పలువురు కనబడుచున్నారు. ఆ కార్డు తీసికొన్నవారు ఎందరో చేతులెత్తుమని యడుగము, వెలవెలబోవలసి వచ్చును.

విశాఖపట్టణమున గాజువాక వైపు కాపురములు పెట్టిన మనవారి సంగతి వేరు. బియ్యపు కార్డు ఏ యూరిదైనను దేశమున నెచ్చటనైనను బియ్యము తెచ్చుకొనవచ్చును. అది పెద్ద మేలు. కాని 2019 చివర వచ్చిన నియమములను చూడుడు. కుటుంబపు నెలసరి యాదాయము పల్లెలో పదివేలు, పట్టణములో పండ్రెండువేలు దాటరాదు. పట్టణమున వేయి చదరపుటడుగుల యిల్లుండరాదు. విద్యుత్తు మూడువందల యూనిట్లు మించరాదు. "కుటుంబము" అనగా కార్డులో నున్న పేర్లు. కుమారుడు విశాఖలో ఆదాయపు పన్ను కట్టుచు, తండ్రి పేరుతో నొకే కార్డున నున్నచో, పొందూరులో ఒంటరిగా వండుకొను తండ్రికి పింఛను చిక్కున పడును. కుమారుడు డబ్బు పంపుచున్నాడా లేదా యని యా కాగితమడుగదు. పెండ్లియై వేరు కాపురమున్నవారు కార్డులు సకాలమున వేరు చేసికొనుడు. ఇది తండ్రిని విడనాడుట కాదు.

ఇప్పుడు మా తప్పు. 1982లో మేము ప్రాథమిక పాఠశాలలో కొత్తగా చేరితిమి. జూన్ మాసమున తండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిరి. పుట్టినతేది యడిగిన "ఆ గాలివాన తరువాత", "పెద్దదాని పెండ్లినాటికి చంకబిడ్డ" యని చెప్పువారే గాని తేది చెప్పువారు లేరు. నేత కుటుంబపు బాలుడొకడు ఏడేండ్లవాడు. వానికైదేండ్లని వ్రాసితిమి. ఎందులకు? వాడు చదివి సర్కారుద్యోగమున చేరినచో రెండేండ్లు ఎక్కువ కొలువు చేయునని. ఆ కాలమున బడిపంతుళ్లు పలువురు చేసినదే, ఉపకారమను తలంపుతోనే. వాని తండ్రి మాకు నమస్కరించి వెళ్లెను.

వాడైదవ తరగతితో చదువు మాని మగ్గపు గుంటలో దిగినాడు. ఉద్యోగము రాలేదు. బడి కాగితమును చూపి ఆధారు వ్రాయించుకొన్నాడు. 2025లో మా గుమ్మమున నిలిచి, "మేస్టారూ, నాకు యాభై నిండిపోనాయి గానీ కాయితం ఒప్పుకోట్నేదండి" యన్నాడు. కాగితము ప్రకారము వానికి 2027 వరకు ఏబది నిండవు. నెలకు నాలుగువేల చొప్పున ఇరువదినాలుగు నెలలు: తొంబదియారువేల రూపాయలు. మేము వానికి చేసిన యుపకారపు వెల యిది.

వానిని వెంటబెట్టుకొని బడికి పోయితిమి. పాత రిజిస్టరు ఇంకను కలదు. మా దస్తూరియే, గుండ్రముగా, ఒక్క కొట్టివేత లేకుండ నున్నది. ఇప్పటి ప్రధానోపాధ్యాయుడు మర్యాదగా కూర్చుండబెట్టి, దిద్దుటకు తనకధికారము లేదని చెప్పెను. అతడు చెప్పినది న్యాయమే. వాడు మమ్మొక్క మాట యనలేదు. తిరిగి వచ్చునప్పుడు మా సంచి తానే మోసెను.

ఆధారులో పుట్టినతేది సామాన్యముగా ఒక్కమారే మార్చుకొనుటకు వీలు. కావున చేతిలో సరియైన యాధారము లేక తొందరపడి యా యొక్క యవకాశమును పోగొట్టుకొనకుడు. నాడు నమోదు కాని జననమును సంవత్సరము దాటిన పిదప నమోదు చేయించుటకు 1969 నాటి చట్టములో దారి కలదు. 2023లో దానిని సవరించి, ఆ యుత్తరువు నిచ్చు పని జిల్లా, సబ్‌డివిజను మేజిస్ట్రేటులకు అప్పగించిరి. మా శిష్యుని విషయమున మేమిప్పుడా దారినే పోవుచున్నాము. తప్పు మాదేయని వ్రాసి సంతకము చేసి యిచ్చితిమి. ఫలమింకను తేలలేదు. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకైనను, ఉద్యోగమునకైనను జననపత్రమే ప్రమాణము. ఇకమీదట ఏ పంతులును మావలె దయ చూపుటకు వీలులేదు, సంతోషము.

ఇందుకు విరుద్ధముగా, నలువదియైదేండ్లకే ఏబదియని వ్రాయించుకొని పింఛను తినువారు మనలో లేరా? కలరు. వారి కొరకు మేము సంతకము చేయము.

సభానంతరము మండపము వెనుక గదిలో సాయంకాలము వరకు కూర్చుండెదము. నలువదియెనిమిది దాటిన నేతవారును, డెబ్బది దాటిన పెద్దలును ఆధారు, బియ్యపు కార్డు, బడి కాగితము ఏది యున్న నది తీసికొని రండు. మూడింటిలోని తేదులు సరిపోల్చి చూచెదము. మేము చదువు చెప్పినవారు ముందుగా రండు. ఆ రిజిస్టరులో ఇంకెందరి తేదులు మా దయవలన మారినవో మాకు జ్ఞాపకము లేదు.