కళాశాల తొలి ఏడాది: మన పిల్లలకు కొన్ని మాటలు

(డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరబోతున్న విద్యార్థులు, వారి తల్లిదండ్రుల కోసం బోధన్‌లో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముప్ఫై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవాళ్లం. మీకు శాస్త్రాలు బోధించే పాండిత్యం మాకు లేదు. మా చేతుల మీదుగా నడిచినవి దరఖాస్తులు మాత్రమే. ఒక కాగితం ముందుకు కదిలితే ఒక బిడ్డ చదువు ఎట్లా సాగిందో, అదే కాగితం బల్ల మీద ఆగిపోతే ఆ చదువు ఎట్లా ఆగిపోయిందో కళ్లారా చూశాము. ఆ అనుభవమే ఈ రోజు మిమ్మల్ని ఉద్దేశించి మాట్లాడే ధైర్యాన్ని ఇచ్చింది.

ముందుగా మన నేల గురించి ఒక మాట. బోధన్ అంటే చెరకు, చెరకు అంటే నీళ్లు. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ లేకపోతే ఈ ప్రాంతంలో చెరకు ఇంత విస్తారంగా పండేది కాదు. ఆ ప్రాజెక్టు రూపకర్త నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. 1877లో పుట్టిన ఆ మహనీయుడు ప్రభుత్వ ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్లి కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజనీరింగ్ చదివారు. ఆయన జన్మదినమైన జూలై 11ను తెలంగాణలో ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నాము. ఒక్క విద్యార్థికి అందిన ఉపకార వేతనం ఎన్ని వేల ఎకరాలకు నీరై పారిందో ఆలోచించండి. రేపు మీరు ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు చేయి చాస్తున్నామన్న చిన్నతనం మనసులోకి రానివ్వకండి. అది మీ హక్కు. సమాజం తన భవిష్యత్తు కోసం పెట్టే విత్తనం.

ఆ నీళ్ల వెంటే 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చింది. మీ తాతలలో ఎందరో అక్కడే బతికారు. ఆ రోజుల్లో పదో తరగతి తప్పినా కర్మాగారం కూత విని పనికి పోతే ఇల్లు గడిచేది. కొడుకుకు కూడా అందులోనే కొలువు దొరుకుతుందన్న భరోసా ఉండేది. 2002లో అది ప్రైవేటు యాజమాన్యం చేతికి పోయింది. 2015 డిసెంబరులో గేట్లు మూసుకున్నాయి. చదువు లేకపోయినా బతుకు గడుస్తుందన్న భరోసా కూడా ఆ గేట్ల వెనుకే ఉండిపోయింది. ఇక మిగిలినవి ఏమిటి? తల్లుల చేతుల్లో బీడీ చాట, అన్నల చేతుల్లో గల్ఫ్ పాస్‌పోర్టు. ఆ రెండు పనులూ గౌరవమైనవే. ఈ సభలోని చాలామంది ఫీజులు ఆ సంపాదనతోనే కట్టారు. కాని ఆ తల్లీ ఆ అన్నా కోరుకునేది తమ దారిలో మీరు రావాలని కాదు.

2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక మన దేశంలో ఇరవై ఏళ్లు దాటినవారిలో పట్టభద్రులు, డిప్లొమాదారులు సుమారు 7 శాతం ఉంటే ముస్లింలలో 4 శాతం లోపే ఉన్నారని తేల్చింది. అది 2001 జనాభా లెక్కల మాట. ఆనాటికి మీరు పుట్టనే లేదు. ఆ అంకెను మార్చే వంతు ఇప్పుడు మీది. కళాశాలలో చేరినంత మాత్రాన ఆ లెక్క మారదు. మూడేళ్లూ చదివి, అన్ని పేపర్లూ గట్టెక్కి, పట్టా చేతికి తెచ్చుకుంటేనే మారుతుంది.

ఇక మాకు బాగా తెలిసిన సంగతికి వస్తాము. సుమారు 2008 నాటి మాట. ఒక అమ్మాయి మా బల్ల దగ్గరికి దరఖాస్తు పట్టుకొని వచ్చింది. ఇంటర్ మంచి మార్కులతో పాసైంది. తల్లి బీడీలు చుట్టేది. పదో తరగతి మెమోలో ఆ అమ్మాయి ఇంటిపేరు ఒక విధంగా ఉంది, కుల ధ్రువపత్రంలో మరో విధంగా ఉంది. ఒకే పేరును మనవాళ్లు ఒకచోట ‘మహమ్మద్’ అనీ, మరోచోట ‘మొహమ్మద్’ అనీ, ఇంకోచోట ‘ఎండీ’ అనీ రాయించుకోవడం మీకు తెలిసిందే. ‘షేక్’ కథా అంతే. రెండు కాగితాలు కలవడం లేదు, సరిచేయించుకొని రా అని చెప్పి తిప్పి పంపాము. నియమం ప్రకారం మేము చేసింది తప్పు కాదు. కాని రెండింటిలో ఏది మార్చాలి, ఎక్కడికి వెళ్లాలి, గడువు ఎన్నాళ్లు ఉంది అన్న మూడు ముక్కలు మేము చెప్పలేదు. మా వెనుక కట్టలు కట్టలుగా దరఖాస్తులు ఉన్నాయి. ఆమె వెనుక బారు ఉంది. ఆ పిల్ల మళ్లీ రాలేదు.

నిరుడు వేసవిలో, మేము కొందరం పింఛనుదారులం కూర్చొని ఫారాలు నింపిపెట్టే గదికి ఒక తల్లి తన కూతురిని తీసుకొని వచ్చింది. ఇంటర్ మొదటి సంవత్సరం ఉపకార వేతనం దరఖాస్తు. కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవరులో వరుసగా పెట్టి ఉన్నాయి. మా ముందు పెట్టి, “చూడండి సార్, ఈసారి పేరు అన్నింట్లో ఒక్కతీరుగనే ఉంది” అన్నది. అప్పుడు గానీ ఆమె ఎవరో మేము గుర్తుపట్టలేదు. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అది ఉంటే మాకు కొంత తేలికగా ఉండేదేమో. ఈ రోజు మేము ఇక్కడ నిలబడి చెప్పే ప్రతి మాటా ఆ రోజు ఆ అమ్మాయికి చెప్పవలసినది.

అందుచేత పిల్లలారా, ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే మీ పదో తరగతి మెమో, ఆధార్ కార్డు, కుల ధ్రువపత్రం, బ్యాంకు పాసుపుస్తకం ఒకచోట పరచండి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం పోల్చి చూడండి. తేడా ఉంటే మెమోను ఆధారం చేసుకొని మిగతావి మార్పించుకోండి. ఆధార్‌ను మార్పించడం సులువు. మెమోను మార్పించాలంటే బడి ప్రధానోపాధ్యాయుల నుంచి పరీక్షల విభాగం దాకా తిరగాలి. ఆదాయ ధ్రువపత్రానికి మీసేవలో ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. అందరూ ఒకేసారి ఎగబడే రోజుల్లో తహసీల్దారు కార్యాలయంలో ఆలస్యం తప్పదు. మైనారిటీ, బీసీ విద్యార్థులకు బోధన రుసుముల పథకంలో కుటుంబ వార్షికాదాయ పరిమితి గ్రామాల్లో 1,50,000 రూపాయలు, పట్టణాల్లో 2,00,000 రూపాయలు. బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్‌తో అనుసంధానమై ఉండాలి.

మరొక సంగతి చాలామంది మరచిపోతారు. ఈ-పాస్‌లో మొదటి ఏడాది దరఖాస్తు పెట్టి ఊరుకుంటే చాలదు. ప్రతి సంవత్సరం పునరుద్ధరించుకోవాలి. తరగతులకు 75 శాతం హాజరు ఉండాలి. దరఖాస్తు సంఖ్యను తండ్రి ఫోనులో కాక మీ నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ ఇచ్చే ఉపకార వేతనం వేరే ఉంది. తల్లి పేరున కార్మికురాలి గుర్తింపు కార్డు ఉంటే జాతీయ ఉపకార వేతనాల పోర్టల్‌లో దాని సంగతి చూడండి. ప్రభుత్వ బకాయిలు ఆలస్యమైనప్పుడు కొన్నిచోట్ల పిల్లల అసలు ధ్రువపత్రాలను అట్టిపెట్టుకుంటారు. తనిఖీ చేసి అసలు పత్రాలను వెంటనే తిరిగి ఇవ్వాలని యూజీసీ 2018లోనే చెప్పింది. గొంతు పెంచవద్దు. రాతపూర్వకంగా అడగండి, ఒక నకలుపై అందినట్టు సంతకం తీసుకోండి. కాగితం మీద అడిగినవాడికి కాగితం మీదే జవాబు రావాలి.

మీలో బీసీ-ఇ కింద సీటు పొందేవారు ఆ మూడక్షరాల వెనుక ఉన్న చరిత్ర తెలుసుకోవాలి. 2004లో, 2005లో తెచ్చిన 5 శాతం రిజర్వేషన్ న్యాయస్థానంలో నిలవలేదు. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలను గుర్తించి 4 శాతంతో చట్టం చేశారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్నీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వచ్చింది. ఎందరో వీధుల్లో, కోర్టుల్లో తిరిగితే నిలిచిన సీటు అది. అందులో చేరి, నాలుగు నెలలకే మానివేస్తే ఖాళీ అయ్యేది ఒక్క బెంచీ కాదు, ఒక వాదన కూడా.

తరగతి గదిలో మీకు ఎదురయ్యే మొదటి గోడ భాష. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చినవారికి, తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి ఇంగ్లీషు పాఠం మొదటి నెల ఒక్క ముక్కా అర్థం కాకపోవచ్చు. అది తెలివితక్కువతనం కాదు. బోధన్‌లో పెరిగినవాడికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, సంతలో మరాఠీ వస్తాయి. మూడు భాషలు నేర్చిన నాలుక నాలుగోదానికి వెనుకాడనవసరం లేదు. పాఠానికి ముందు రోజే ఆ అధ్యాయాన్ని ఒకసారి చదవండి. తెలియని పదాలు రోజుకు పది చొప్పున రాసుకొని, అర్థం మీ సొంత భాషలో పక్కన పెట్టుకోండి. అధ్యాపకుణ్ణి అడగడానికి సిగ్గుపడకండి. మొదటి సెమిస్టరులో ఒక పేపరు తప్పితే అక్కడే మానుకొని దుకాణంలో కూర్చునే పిల్లలను ఏటా చూస్తున్నాము. తప్పిన పేపరును మళ్లీ రాయవచ్చు. మానేసిన ఏడాదిని మళ్లీ తేలేము.

పని చేసుకుంటూ చదివే అబ్బాయిలకు ఒక విన్నపం. ఇంటికి మీ సంపాదన అవసరమని మాకు తెలుసు. సాయంత్రం పని చేయండి, సెలవు రోజుల్లో చేయండి. తరగతి వేళలు మాత్రం యజమానికి అమ్మకండి. గల్ఫ్‌కు పోవాలన్నా పట్టా, చేతిలో ఒక నైపుణ్యం ఉన్నవాడికి అక్కడి కొలువూ వేరు, జీతమూ వేరు.

అమ్మాయిల తల్లిదండ్రులతో ఒక మాట. నిజామాబాద్ ఇక్కడికి సుమారు పాతిక కిలోమీటర్లు. ఒకప్పుడు బస్సు చార్జీయే పెద్ద అడ్డంకి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు ప్రయాణం ఉచితం. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం ఉంది, పీజీ కోసం దూరం పోనవసరం లేదు. ఇక అడ్డు మన మనసులోనే ఉంది. ఒకే వాడకు చెందిన నలుగురు అమ్మాయిలను ఒకే కళాశాలలో, ఒకే బస్సులో పంపండి. మంచి సంబంధం వచ్చిందని రెండో ఏడాదిలో చదువు మాన్పించకండి. నిజంగా మంచి సంబంధమైతే పరీక్షలు అయ్యేదాకా ఆగుతుంది.

కళాశాలలో మీకు అన్ని కులాల, మతాల స్నేహితులు దొరుకుతారు. వారితో కలిసి తినండి, కలిసి చదవండి, పండుగకు ఇంటికి పిలవండి. ఎవరైనా మీ టోపీని, బురఖాను, పేరును చూసి మాట తూలితే వెంటనే కలబడకండి, మౌనంగా మింగనూ వద్దు. జరిగింది తేదీతో రాసి ప్రిన్సిపాలుకు ఇవ్వండి. ర్యాగింగ్ నేరమని 1997లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఫోనులో వచ్చే రెచ్చగొట్టే వీడియోలను ముందుకు పంపకండి. ఒక్క వేలి తొందర వల్ల మూడేళ్ల చదువు పోలీసు స్టేషన్ మెట్ల మీద ఆగిపోగలదు.

చివరగా పెద్దలకు. మన వాడల్లో పెళ్లి విందుకు చందాలు పోగవుతాయి. ఫీజు కట్టలేని పిల్ల విషయంలో మాత్రం ఎవరి పనిలో వారుంటాము. ప్రతి వాడలో చదువుకున్న ఇద్దరు వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే, ఒక బల్ల, నాలుగు కుర్చీలు ఉన్న గది చాలు. మా గది ఆదివారం తెరిచే ఉంటుంది. కాగితాలు పట్టుకొని రండి. ఏది మార్చాలి, ఎక్కడికి వెళ్లాలి, గడువు ఎన్నాళ్లు ఉంది అన్న మూడు ముక్కలూ ఇప్పుడు తప్పకుండా చెబుతాము.

మూడేళ్ల తర్వాత ఇదే సభ మళ్లీ పెట్టాలని మా కోరిక. అప్పుడు మీరు దరఖాస్తులు కాక పట్టాలు పట్టుకొని రావాలి. వాటిపై మీ పేరు అక్షరం తప్పు లేకుండా ఉండాలి. అల్లాహ్ మీ చదువులను సఫలం చేయుగాక. ఖుదా హాఫిజ్.