ఎండకు స్విచ్చి లేదు
(మీనా సల్మాన్ వద్ద జరిగిన తెలుగు కుటుంబాల సాంస్కృతికోత్సవంలో చేసిన ప్రసంగ పాఠం)



మొదట ఒక మనవి. మాది సాయంకాలపు తరగతిలో నేర్చుకున్న తెలుగు. తాతగారు కాకినాడ నుంచి తెచ్చిన తెలుగు నాన్నగారి దగ్గర సగమైంది. మా దగ్గరకు వచ్చేసరికి "అన్నం తిన్నావా", "ఇటు రా" అనే మాటలే మిగిలాయి. ఇంట్లో హిందీ, బడిలో ఇంగ్లీషు, బజారులో అరబ్బీతో బతుకు నడిచింది. యాభై దాటిన తరువాత వారానికి రెండు సాయంకాలాలు కూర్చుని అక్షరాలు దిద్దుకున్నాము. కావున భాషలో తప్పులు దొర్లితే మన్నించవలెను. చెప్పబోయే విషయంలో మాత్రం తప్పు ఉండరాదు. అందులో తప్పు చేస్తే చెయ్యి కాలుతుంది. మా ఇంట్లో ఒకసారి కాలింది.

తాతగారు వచ్చిన రోజుల్లో ఇక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. దూరాన లంగరు వేస్తే మనుషులను, మూటలను పడవల్లో దింపేవారు. కాకినాడలోనూ అదే పద్ధతి కనుక ఆయనకు వింతగా తోచలేదట. 1962లో మీనా సల్మాన్‌ను లోతైన రేవుగా తెరిచారు. అరబ్బీలో మీనా అంటేనే రేవు. నాన్నగారు అక్కడ క్రేన్లకు వైరింగు పని చేసేవారు. 2009లో సరుకు ఓడలు హిద్ద్ వైపున ఖలీఫా బిన్ సల్మాన్ రేవుకు తరలిపోయాయి. అయినా మీనా సల్మాన్ పక్కన గ్యారేజీలు, వెల్డింగు షాపులు ఉన్న వాడ మిగిలే ఉన్నది. మా కథ అక్కడే మొదలైంది.

మా కూతురి కొడుకుకు అప్పుడు పదహారేళ్ళు. వాడికి ఒక బ్యాటరీ సైకిలు ఉండేది. వెల్డింగు షాపులో పారేసిన ఇనుప గొట్టాలు, రెండు చిన్న చక్రాలు తెచ్చి దానికి వెనుక తగిలించే బండి ఒకటి కట్టాడు. శుక్రవారాలు మన యువకులు కొందరు కూలీల బసలకు మజ్జిగ క్యాన్లు మోసుకుపోతారు కదా, ఆ పనికి ఈ బండి ఉపయోగపడుతుందని వాడి ఆశ. నడివేసవిలో మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా ఆరుబయట పని చేయించరాదని ఇక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. ఎండ అంతటిది. "అమ్మమ్మా, మనుషులను కాల్చే ఎండ బండిని ఎందుకు లాగకూడదు?" అని అడిగాడు. బండి పైకప్పుగా రెండు సోలార్ ప్యానెళ్ళు పెడతానన్నాడు.

మేము ముప్పై అయిదేళ్ళు బడిలో సైన్సు చెప్పినవారము. వాడు అడిగినప్పుడు ఏమన్నామో తెలుసా? "మంచిదే నాయనా, జాగ్రత్త" అన్నాము. అంతే. ఆ మాట అనేసి మా పని మేము చూసుకున్నాము.

వాడి ఆలోచనలో తప్పు లేదు. 2013లో ఫ్రాన్సులో 'సన్ ట్రిప్' అని ఒక యాత్ర పెట్టారు. సోలార్ ప్యానెళ్ళు కట్టిన సైకిళ్ళ మీద కజకస్తాన్‌లోని అస్తానా దాకా పోయినవారు ఉన్నారు. మన బహ్రెయిన్ దీవి ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 50 కిలోమీటర్లు. అంత దూరం పోయే విద్య ఇంత దీవికి చాలదా?

లెక్క కూడా సరిపోతుంది. ఒక్కొక్కటి 100 వాట్ల ప్యానెళ్ళు రెండు, అంటే 200 వాట్లు. రోజుకు 5 గంటల గట్టి ఎండ అనుకొని, నాలుగో వంతు వేడికీ దుమ్ముకూ పోయిందనుకుంటే 750 వాట్ అవర్లు మిగులుతాయి. బరువు లాగే సైకిలు కిలోమీటరుకు 20 తిన్నా 37 కిలోమీటర్లు నడుస్తుంది. వేడికి ఎందుకు పోతుందంటే, ప్యానెల్‌కు వెలుతురు కావాలి గాని వేడి అక్కరలేదు. 25 డిగ్రీలు దాటిన ప్రతి డిగ్రీకి దాని శక్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. మన ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే 16 శాతం పోయినట్టే. అందుకని ప్యానెల్‌కూ బండికీ నడుమ గాలి ఆడేలా జానెడు సందు ఉంచవలెను.

ఇక ఆ రోజు సంగతి. రెండేళ్ళ క్రితం జూన్ నెల. బండి నాలుగు శుక్రవారాలు చక్కగా తిరిగింది. ఐదో శుక్రవారం మా గుమ్మం ముందే కాలిన రబ్బరు వాసన వచ్చింది. బండి కింద పొగ. పిల్లవాడు కంగారుపడి ప్యానెల్ ప్లగ్గు లాగాడు. చిటపటమని నీలి నిప్పు వచ్చింది. పొగ మాత్రం ఆగలేదు. అప్పుడు బ్యాటరీ వైరు పట్టుకుని లాగాడు. పొగ ఆగింది. కాని కరిగిన వైరు తొడుగు వాడి రెండు వేళ్ళకు అంటుకుపోయింది. ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి.

వేళ్ళకు కట్టు కట్టించి వచ్చాక రాత్రి ఇద్దరమూ నేల మీద కూర్చుని బండి విప్పాము. అప్పుడు తెలిసినవి అయిదు సంగతులు. ఇక్కడున్న పిల్లలు, వారి కంటె ముఖ్యంగా తల్లిదండ్రులు, దయచేసి వినండి.

మొదటిది ఫ్యూజు. బ్యాటరీకి పోయే రెండు వైర్లను కలిపి ఒకే ఇనుప క్లాంపు కింద బిగించాడు. స్పీడు బ్రేకర్ల కుదుపుకు క్లాంపు అంచు రెండింటి తొడుగునూ కోసింది. అక్కడ షార్టు అయింది. బ్యాటరీ లోపల రక్షణ సర్క్యూటు ఉంటుంది కదా, అది ఎందుకు ఆపలేదని అడగవచ్చు. తాకీ తాకనట్టు తాకితే దాదాపు 20 ఆంపియర్లు పారాయి. మోటారు కోసం 25 దాకా పోనివ్వడం దాని పద్ధతి. దాని దృష్టిలో అది ఎత్తు ఎక్కుతున్న సైకిలు మాత్రమే. కాని ఆ సన్నని వైరు 5 ఆంపియర్ల కోసం వేసినది. అక్కడ 10 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి ఉంటే అది కాలి వేళ్ళు మిగిలేవి. ఫ్యూజు ఎక్కడ ఉండాలి? బ్యాటరీ ప్లస్సుకు వీలైనంత దగ్గరగా ఉండాలి. బండి చివర పెడితే, నడుమ ఉన్న వైరుకంతా కాపలా లేనట్టే. డీసీకి తగినదని రాసి ఉన్న ఫ్యూజే కొనవలెను. వైరు ఎప్పుడూ ఫ్యూజు కంటె ఎక్కువ మోయగలది కావలెను. మేము ఇప్పుడు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వేశాము.

రెండోది ప్యానెల్. ఇంట్లో దీపానికి స్విచ్చి ఉన్నది, ఎండకు స్విచ్చి లేదు. వెలుతురు పడినంతసేపూ ప్యానెల్ వైర్లలో కరెంటు సిద్ధంగానే ఉంటుంది. ఇంకో చిత్రం ఏమంటే ప్యానెల్ వైపు షార్టయితే ఫ్యూజు కాలదు. పని చేసేటప్పుడు 11 ఆంపియర్లు ఇచ్చే జత, షార్టయినా 12 మాత్రమే ఇస్తుంది. ఆ కొద్ది తేడాకు ఫ్యూజు మేలుకోదు. కావున అక్కడ రక్షణ అంటే దళసరి వైరే. 4 చదరపు మిల్లీమీటర్ల సోలార్ వైరు వేసి, రెండు వైర్లనూ వేర్వేరుగా, ఇనుము తగలని చోట నడపవలెను. రంధ్రాలలోంచి పోయే చోట రబ్బరు వాషరు తొడగవలెను.

మూడోది ఆ నీలి నిప్పు. ఇంటి కరెంటు ఏసీ. అది సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు వస్తుంది కనుక నిప్పు పుట్టినా తొందరగా తెగుతుంది. డీసీ అలా సున్నాకు రాదు. ప్లగ్గు లాగినకొద్దీ నిప్పు సాగుతుంది. అందుకని ఎండలో పని చేస్తున్న ప్యానెల్ ప్లగ్గును ఎన్నడూ లాగరాదు. ముందు ప్యానెళ్ళ మీద మందపాటి దుప్పటి కప్పాలి, డీసీ స్విచ్చి ఆపాలి, ఆ తరువాతే ప్లగ్గు తీయాలి.

నాలుగోది జత కలిపే తీరు. మా వాడి బ్యాటరీ 36 వోల్టులది. నిండితే 42, ఖాళీ అయితే సుమారు 30. ఒక్క ప్యానెల్ ఏమీ తగిలించకుండా ఉంటే 22 వోల్టులు చూపుతుంది. తక్కువ వోల్టేజిని పెంచి బ్యాటరీకి ఇచ్చే బూస్ట్ కంట్రోలర్ వాడాము. ఎవరో వాడికి, రెండు ప్యానెళ్ళను సిరీస్‌లో పెడితే వైరు ఖర్చు తగ్గుతుందని చెప్పారట. అలా చేస్తే 44 వోల్టులు అవుతాయి. ప్యానెల్ వోల్టేజి బ్యాటరీని మించితే ఇటువంటి కంట్రోలర్ ఆపలేదు. కరెంటు తిన్నగా దూసుకుపోతుంది, నిండిన బ్యాటరీలోకి కూడా. లిథియం బ్యాటరీని అలా నింపితే నిప్పంటుకోవచ్చు. కావున ఈ ఏర్పాటులో ప్యారలల్ ఒక్కటే దారి. మూడు, నాలుగు ప్యానెళ్ళు ప్యారలల్‌గా పెట్టేవారు ఒక్కొక్క దానికీ విడి ఫ్యూజు పెట్టాలి.

ఐదోది వరుస. కలిపేటప్పుడు ముందు బ్యాటరీ, తరువాత ప్యానెల్. విప్పేటప్పుడు ముందు ప్యానెల్, తరువాత బ్యాటరీ. బ్యాటరీ లేకుండా ప్యానెల్‌ను మాత్రమే తగిలిస్తే చాలా కంట్రోలర్లు చెడిపోతాయి. సైకిలుకూ బండికీ మధ్య ప్లగ్గులో బ్యాటరీ వైపు ఉన్న భాగం, లోహం లోపలికి దాగి ఉన్నదై ఉండాలి. విడదీసినప్పుడు కూడా దానిలో కరెంటు ఉంటుంది కనుక తాళంచెవో గాజులో తగిలితే ప్రమాదం. మలుపులో తెగకుండా ఆ వైరుకు కాస్త వదులు ఇచ్చి, చక్రానికి దూరంగా కట్టాలి.

42 వోల్టులే కదా, షాకు కొట్టదని కొందరు తేలికగా తీసుకుంటారు. ఇక్కడ భయం షాకు గురించి కాదు, వేడి గురించి. మన ఊళ్ళో ఆ వేడి రెండింతలు. 45 డిగ్రీలు దాటిన లిథియం బ్యాటరీని చార్జి చేయరాదు. కావున ఎండ ప్యానెల్‌కు, నీడ బ్యాటరీకి. బ్యాటరీని మూసిన నల్ల పెట్టెలో పెట్టకండి. రాత్రి పడకగదిలో గాని, ఇంటి నుంచి బయటికి పోయే దారిలో గాని చార్జి పెట్టకండి. ఉబ్బినా, వింత వాసన వచ్చినా, పొగ వచ్చినా హీరోలు కాకండి. ఆ పొగ పీల్చకుండా దూరంగా పోయి 999కు ఫోను చేయండి. మా వాడు చేసినట్టు చేత్తో లాగకండి.

సముద్రపు ఉప్పు గాలిని మరువరాదు. రాగి తీగ పచ్చబడితే అక్కడ వేడి పుడుతుంది. తగరం పూత ఉన్న తీగ వాడి, నెలకొకసారి ప్రతి కీలూ విప్పి చూడవలెను. షమాలు గాలి వీచే రోజున బండి తీయకపోవడం మంచిది. రెండు ప్యానెళ్ళు తెరచాపలాగా గాలిని పడతాయి. రోడ్డు మీదికి తీసుకువెళ్ళే ముందు ట్రాఫిక్ శాఖవారి నియమాలు అడిగి తెలుసుకోండి.

వేళ్ళు కాలిన మరునాడు మా అమ్మాయి, "ఆ బండిని పారేయించమ్మా" అన్నది. తల్లి కదా, ఆమె అన్నదానిలో తప్పు లేదు. మేమూ సగం ఒప్పుకున్నాము. అప్పుడు నాన్నగారు గుర్తుకు వచ్చారు. ఆయన మాకు ఏనాడూ జాగ్రత్త అని చెప్పలేదు. "ముందు ఇది విప్పు, తరువాత అది విప్పు, ఇప్పుడు చెయ్యి పెట్టు" అనేవారు. ఆడపిల్ల అని దూరం పెట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని చేయించేవారు. ఆ మాటలు తెలుగులోనే అనేవారని ఇప్పుడు గుర్తుకు వస్తున్నది. మేము పోగొట్టుకున్నామనుకున్న తెలుగులో అవి కూడా ఉన్నాయి. పిల్లవాడికి మేము ఇవ్వవలసినది ఆ వరుస. మేము ఇచ్చినది "జాగ్రత్త" అనే ఒక్క మాట. ఆ తప్పు మాది. ఈ సభలో పెద్దల ముందు ఒప్పుకుంటున్నాము.

మన పిల్లలు నాలుగో తరం, అయిదో తరం. మనం వద్దన్నా చేస్తారు, మనకు తెలియకుండా చేస్తారు. వద్దనడం సులభం. పక్కన కూర్చోవడం కష్టం. అది తెలిసినవారు మన కుటుంబాల్లో ఎందరో ఉన్నారు. ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, రేవులో పని చేసి రిటైరైనవారు ఉన్నారు. మా సాయంకాలపు తరగతిలో నెలకొక రోజు పుస్తకం మూసి ఇటువంటి పని ఒకటి తెలుగులో మాట్లాడుకుంటూ చేద్దామని మా కోరిక. భాషా వస్తుంది, వేళ్ళూ మిగులుతాయి.

మజ్జిగ ఈ రోజు బండి మీదే వచ్చింది. బండి బయట వేపచెట్టు పక్కన ఉన్నది. ప్యానెళ్ళ మీద దుప్పటి కప్పి ఉన్నది. పిల్లలు చూడవచ్చు, మా మనవడు పక్కనే ఉంటాడు. వాడు చెప్పేదాకా దుప్పటి మాత్రం ఎవరూ తీయకండి. ఎందుకో ఇప్పుడు మీ అందరికీ తెలుసు.