చెవిలో నాడి చప్పుడు
(ప్రసంగ పాఠము)



రాత్రి ఊరు సద్దుమణిగిన పిమ్మట, దిండుపై తల వాల్చగానే చెవిలో బుస్సు బుస్సుమని చప్పుడు వినబడుచున్నదని కొందరు చెప్పుదురు. ఇంటివారికి ఏమియు వినబడదు. “అది నీ భ్రమ” అని తీసివేయుదురు. కొంతకాలమునకు ఆ మనిషి తన బాధ చెప్పుకొనుటయే మానివేయును.

చెవి హోరు రెండు విధములు. కీచురాయి రొదవలె ఎడతెగక మ్రోగునది మొదటిది. తరచుగా కానవచ్చునది ఇదియే. రెండవది గుండెతోపాటు కొట్టుకొనునది. చప్పుడు వినబడునపుడు మణికట్టు నాడిపై వ్రేళ్ళుంచి చూడుడు. రెండును ఒక్కసారే పడుచున్నచో, చాలవరకు అది రక్తము పారు చప్పుడే.

నిండుగా పారు కాలువ సద్దు చేయదు. తూము వద్ద ఇరుకున పడి హోరుమనును. రక్తమును అంతే. మెదడునుండి రక్తమును దింపు పెద్ద సిర చెవి వెనుక ఎముకను ఆనుకొని పోవును. ఆ సిర ఇరుకైనను, నడుమ ఎముక పలుచబడినను చప్పుడు చెవికి చేరును. రక్తహీనతలో రక్తము వడిగా పారుటచేతను ఇట్లు కలుగవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత కనబడినది గనుక, ముందుగా రక్తపరీక్ష చేయించుట మంచిది. అరుదుగా మెదడు పొరలలో ధమని నేరుగా సిరతో కలిసిపోవును. అట్టి కొన్నిటిలో మెదడులో రక్తస్రావమగు ప్రమాదము కలదు.

1816లో పారిస్ వైద్యుడు లేనెక్ కాగితమును గొట్టముగా చుట్టి రోగి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు పుట్టుక అదియే. నేడును వైద్యులు చెవి వెనుకను, మెడపైనను స్టెతస్కోపు నుంచి విందురు. దానికి అందని సన్నని చప్పుడును పట్టుటకు కొన్నిచోట్ల చిన్న మైక్రోఫోనును చెవి రంధ్రములో నుంచి, రంధ్రమును బిగువుగా మూసి, నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేయుచున్నారు. మూసినందున బయటి శబ్దము తగ్గి, లోపలి మంద్రధ్వని హెచ్చుగా పట్టుబడును. అదే సమయమున వ్రేలి నాడినికూడ నమోదుచేసి, రెండింటి గీతలను సరిపోల్చుదురు. పిమ్మట వైద్యుడు ఆ ప్రక్క మెడ సిరను మెల్లగా అదుమును. చప్పుడు అణగినచో అది సిరనుండి పుట్టినదని అనుమానింపవచ్చును. ఇది వైద్యుని పని. ఇంటివద్ద మెడ నొక్కరాదు.

రోగి ఒంటరిగా వినుచుండిన దానిని ఇంటివారును వినగలుగుట ఈ రికార్డువలన నాకు మిక్కిలి మెచ్చదగినదిగా తోచును. చికిత్స తరువాత మరల రికార్డుచేసి, తగ్గినదో లేదో పోల్చిచూడవచ్చును. అయితే రికార్డులో ఏమియు పడనంత మాత్రమున వ్యాధి లేదనరాదు. కారణము తేల్చుటకు స్కానింగు కావలసియే యుండును. ఈ రికార్డు పరీక్ష అన్ని ఆసుపత్రులలోను లేదు.

డాక్టరు వద్దకు పోవునపుడు ఏ చెవిలో, ఎప్పటినుండి వినబడుచున్నదో, తల త్రిప్పినచో మారునో లేదో చెప్పుడు. చెవిలో నూనె పోసిన ప్రయోజనము లేదు. తలనొప్పి, చూపు మసక, మాట తడబాటు తోడైనచో ఆనాడే పెద్దాసుపత్రికి పోవలెను.