"అలవాటైతది" అనే ముందు

ఈ రోజు కళ్ళద్దాల తయారీలో పట్టా అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు, పనులు మానుకుని వచ్చిన మీ అమ్మానాన్నలకు నా అభినందనలు.

మీ చదువు లక్డీకాపూల్‌లో సాగడం నాకు చాలా సంతోషం. ఇక్కణ్ణుంచి కాస్త దూరం వెళితే మెహదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి. ఇటు నాంపల్లి దాటితే ఆబిడ్స్, కోఠీ కళ్ళద్దాల దుకాణాలు. ఆసుపత్రిలో చీటీ రాయించుకున్న మనిషి బస్సెక్కి ఇటు వచ్చి కళ్ళజోడు చేయించుకుంటాడు. ఆ చీటీకీ ఆయన చూపుకీ మధ్య ఉండేది మీరే.

డాక్టరుగారి పేరు చీటీ మీద ఉంటుంది, దుకాణం పేరు బోర్డు మీద ఉంటుంది. అద్దం కోసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. ఉదాహరణకు, 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటివెలుగు మొదలైంది. 2023 జనవరిలో ఖమ్మంలో రెండో విడత మొదలైంది. ఊరూరా శిబిరాలు పెట్టారు. దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతికిచ్చారు. పవర్ ప్రకారం చేయాల్సినవి మాత్రం తర్వాత అందాయి. ఎందుకంటే కుడి కంటికొకటి, ఎడమ కంటికొకటి, ఎవరివి వారికి విడిగా తయారు కావాలి. ఆ పని చేసినవాళ్ళను ఆ శిబిరాల్లో ఎవరూ చూడలేదు. నా దృష్టిలో ఆ కార్యక్రమంలో సగం వాళ్ళదే.

మన పనిలో అసలు ఇబ్బంది ఒకటుంది. చొక్కా బిగుతైతే తొడుక్కున్నవాడు దర్జీతో తగాదా పెట్టుకుంటాడు. కళ్ళజోడు తేడాగా ఉంటే మాత్రం చాలామంది తమ కళ్ళనే అనుమానిస్తారు. తలనొప్పిగా ఉందని, మెట్లు దిగుతుంటే నేల పైకి లేచినట్టుందని మొహమాటపడుతూ వచ్చి చెబుతారు. కౌంటర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది: "నాల్గు రోజులు పెట్టుకోండి సార్, అలవాటైతది."

కొత్త పవర్‌కి, ముఖ్యంగా ప్రోగ్రెసివ్‌కి, అలవాటు పడడానికి కొన్ని రోజులు పడుతుంది, నిజమే. కానీ ఆ మాట, అద్దం పవర్ కొలిచే లెన్సోమీటరు మీద కళ్ళజోడు పెట్టి చూశాకే అనాలి. చూడకుండా అంటే మోసం అంటాను నేను. ఇంతకన్నా మెత్తటి మాట వాడలేను.

ఒకసారి మా బెంచీ మీదకు తొమ్మిదో తరగతి పిల్లవాడి కళ్ళజోడు వచ్చింది. రెండు కళ్ళకీ మైనస్ 6. క్లాసులో పదే పదే తీసేస్తున్నాడని, అశ్రద్ధ అని టీచర్లు తిట్టారట. లెన్సోమీటరు మీద పవర్ సరిగ్గానే ఉంది. ఆప్టికల్ సెంటర్లకు చుక్కలు పెట్టి కొలిస్తే మధ్య దూరం 66 మిల్లీమీటర్లు. పిల్లవాడి పీడీ, అంటే కంటిపాపల మధ్య దూరం, 62. నాలుగు మిల్లీమీటర్లే కదా అనుకోకండి. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్ ఆప్టీషియన్ చార్లెస్ ప్రెంటిస్ చెప్పిన లెక్క మీకు కంఠతా వచ్చు: సెంటీమీటర్లలో జరిగిన దూరాన్ని పవర్‌తో గుణించాలి. 0.4 ఇంటూ 6, అంటే 2.4 ప్రిజం. ఒకటిగా చూడాలంటే ఆ రెండు కళ్ళూ రోజంతా బయటికి లాక్కోవాలి. ఆ పిల్లవాడు కళ్ళజోడు తీసేయడం అశ్రద్ధ కాదు, తెలివి. ఇదే తేడా పైకీ కిందికీ వచ్చి ఉంటే, కళ్ళు ఇంకా ఎక్కువ ఇబ్బంది పడేవి.

సిలిండర్ పవర్ యాక్సిస్ కూడా అంతే. 10 డిగ్రీలు తిరిగితే మూడో వంతు దోషం మిగిలిపోతుంది. 30 డిగ్రీలు తిరిగితే సిలిండర్ వేసినా వేయనట్టే.

ఇప్పుడు ఫ్రేమును ట్రేసరు చదువుతుంది, ఆ ఆకారానికి లెన్సును మెషీను కోస్తుంది. పూర్వం గాజు లెన్సును కటకటా విరిచి, నీళ్ళు కారే రాయి మీద చేత్తో పట్టి అరగదీసేవారు. ఆ వేళ్ళకున్న జ్ఞానం మెషీను వచ్చాక అక్కర్లేదనుకుంటే పొరపాటే. మెటల్ ఫ్రేములో లెన్సు బిగుసుకుంటే పోలరిస్కోపు కింద అంచుల్లో ఒత్తిడి కనిపిస్తుంది. అది చూసి అర మిల్లీమీటరు తగ్గించాలా, స్క్రూ వదులు చేయాలా అన్నది మీరే తేల్చాలి. అంచు చెక్కిన తర్వాత బొటనవేలితో చుట్టూ ఒక్కసారి తడమండి. గరుకు తగిలితే మళ్ళీ రాయి దగ్గరికే. పిల్లలకైతే పాలికార్బొనేట్ వేయమని గట్టిగా చెప్పండి. బంతి తగిలినా అంత తేలిగ్గా పగలదు.

నలభై దాటినవాళ్ళ విషయంలో ఇంకొంచెం ఆగండి. చత్వారం అద్దాలను చిన్నచూపు చూడకండి. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చి చూశారు. అద్దాలు పెట్టుకున్నవాళ్ళ పని, లేనివాళ్ళతో పోలిస్తే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగిందని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక ప్రచురించింది. మన దగ్గర పోచంపల్లిలో మగ్గం నేసేవాళ్ళున్నారు, పాతబస్తీలో జర్దోజీ కుట్టేవాళ్ళున్నారు. వాళ్ళ పని ఎంత దూరంలో ఉంటుందో అడగండి. 40 సెంటీమీటర్లలో కుట్టే కంటికి 2.5 పవర్ అవసరమైతే, 50లో పని చేసే కంటికి 2 చాలు. చీటీ మార్చే హక్కు మనకు లేదు. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగే హక్కు ఉంది. వాడుకోండి.

గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి, బంజారాహిల్స్‌తో ఆగిపోకుండా పల్లెల్లో విజన్ సెంటర్లు పెట్టి, అక్కడి యువతకే శిక్షణ ఇచ్చి కూర్చోబెట్టింది. కంటి వైద్యం ఊళ్ళోకి వెళ్ళగలదని అలా రుజువైంది. మంచి ఫిట్టింగు కూడా వెళ్ళాలి. ఇప్పటికీ ఎన్నో ఊళ్ళవాళ్ళు కళ్ళజోడు కోసం పట్నం రావాల్సిందే.

అందుకే జిల్లాలకు వెళుతున్నవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మొదటి జీతం వచ్చాక కాదు, మొదటి రోజునే యజమానిని లెన్సోమీటరు అడగండి. దాన్ని లోపలి గదిలో కాదు, కౌంటర్ మీద, కొనేవాళ్ళకు కనిపించేలా పెట్టించండి. ఒప్పుకోకపోతే మీ ప్రిన్సిపాల్‌గారి ద్వారా నాకు కబురు చేయండి. నేనే వచ్చి ఆయనతో మాట్లాడతాను.